ప్రతిధ్వని చరిత్ర: తెనాలి రంగస్థలం నుంచి మీడియా ప్లేయర్ ప్లగిన్ వరకు

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రతిధ్వని, ప్రతినాదం అనే రెండింటికీ గల తేడాను వివరించగలుగుతారు.
• స్థలానికి చెందిన ప్రతిధ్వని యంత్రానికీ, యంత్రం నుంచి లెక్కకూ ఎలా మారిందో దశలవారీగా చెప్పగలుగుతారు.
• మీడియా ప్లేయర్‌లో పనిచేసే ఎకో ప్లగిన్ నిర్మాణ సూత్రాన్ని మీ మాటల్లో రాయగలుగుతారు.
• పాత ధ్వనిముద్రణను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1.1 ప్రస్తావన

పద్యనాటకం చూసినవారికి కాటిసీను గురించి వేరే చెప్పనక్కరలేదు. హరిశ్చంద్రుడు భుజాన కర్ర వేసుకుని శ్మశానంలోకి అడుగుపెడతాడు. పద్యం ఎత్తుకునే ముందు మైకుసెట్టు ఆపరేటరు ఒక మీట తిప్పుతాడు. అంతే, గొంతు ఒకటికి మూడుగా వినిపిస్తుంది. చివరి అక్షరం పందిరి దాటి, పొలాల మీదుగా పోయి తిరిగి వచ్చినట్లు ఉంటుంది. ప్రేక్షకులు నిశ్శబ్దమైపోతారు.

ఆ ప్రతిధ్వని ఎక్కడిది? అక్కడ కొండ లేదు, కోట గోడ లేదు. బాపట్ల, రేపల్లె ప్రాంతాల పల్లెల్లో కనుచూపు మేర వరిచేలే ఉంటాయి. చదునైన నేల గొంతును తిప్పి పంపదు. అంటే మనం విన్న ప్రతిధ్వనిని ఎవరో తయారు చేశారు. మనిషి ప్రతిధ్వనిని తయారు చేయడం ఎప్పుడు, ఎలా నేర్చుకున్నాడు అన్నదే ఈ పాఠంలోని మొదటి ప్రశ్న. అలా తయారు చేసిన ప్రతిధ్వని, గొంతుల చరిత్ర రాయాలనుకునేవారికి ఎలాంటి చిక్కు తెచ్చిపెడుతుంది అన్నది రెండవ ప్రశ్న.

ముందుగా రెండు మాటల అర్థం తెలుసుకుందాం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదుటి గోడను తాకి తిరిగి వచ్చిన శబ్దం, అసలు శబ్దం తరువాత దాదాపు 0.1 సెకను ఆలస్యంగా చేరితే చెవి దానిని వేరే శబ్దంగా పోల్చుకుంటుంది. ఆ కాలంలో ధ్వని 34 మీటర్లు తిరుగుతుంది. కాబట్టి గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఇది ప్రతిధ్వని. గోడలు దగ్గరగా ఉన్నప్పుడు అనేక ప్రతిఫలనాలు ఒకదానిపై ఒకటి పడి, విడివిడిగా వినిపించకుండా శబ్దాన్ని సాగదీస్తాయి. ఇది ప్రతినాదం. ఖాళీ గోదాములో చప్పట్లు కొడితే వినిపించేది ఇదే.

1.2 స్థలానికి చెందిన ప్రతిధ్వని

చాలాకాలం ప్రతిధ్వని కావాలంటే అది ఉన్న చోటికి మనిషి వెళ్లవలసి వచ్చింది, లేదా అటువంటి చోటును కట్టుకోవలసి వచ్చింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, క్రీ.శ. 3-4 శతాబ్దాల నాటి మెట్ల ప్రేక్షకశాల బయటపడింది. మధ్యలో దీర్ఘచతురస్రాకారపు ఆవరణ, చుట్టూ మెట్ల వరుసలు. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోకుండా దానిని అనుపు వద్ద పునర్నిర్మించారు. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా వద్ద కొట్టిన చప్పట్లు, సుమారు కిలోమీటరు దూరాన ఎత్తులో ఉన్న బాలా హిస్సార్ వద్ద వినిపించడం యాత్రికులందరికీ తెలిసిన సంగతే. అక్కడ ధ్వని అలంకారం కాదు, కాపలా పద్ధతిలో ఒక భాగం.

చదునైన తీరప్రాంతంలో ఈ వసతి లేదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నుల భారాన్ని నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు వదిలి రామనగర్ అనే తాత్కాలిక నివాసాలకు తరలిపోయిన ఉద్యమాన్ని మీరు చదివే ఉంటారు. ఆ ఉద్యమాన్ని విద్యుత్ లేని బహిరంగ సభల కాలంలో నడిచిన ఉద్యమంగా కూడా ఊహించి చూడండి. 1919లోనే అమెరికాలోని శాన్ డియాగోలో అధ్యక్షుడు విల్సన్ లౌడ్‌స్పీకరు ద్వారా వేలాదిమందితో మాట్లాడాడు. కానీ ఆ సాధనం మన పల్లెలకు చేరడానికి ఇంకా కాలం పట్టింది. ఆనాటి వక్తకు ఉన్న ఆస్తి ఊపిరి, ఉచ్చారణ, నిదానం. ఒక్కో మాట వెనక వరుస దాకా చేరేలా విడదీసి పలకడం వక్త నేర్చుకోవలసిన విద్య.

1.3 మైకు లేని రంగస్థలం

ఇదే విద్య పద్యనాటకానికీ ప్రాణం. కళలకు పెట్టింది పేరైన తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అనేవారు. అక్కడి శ్రీరామ విలాస సభ ద్వారా ఎదిగినవారిలో స్థానం నరసింహారావు ముఖ్యుడు. 1902లో బాపట్లలో జన్మించిన ఆయన స్త్రీపాత్రలకు ప్రసిద్ధి చెందాడు. ‘శ్రీకృష్ణ తులాభారం’లోని సత్యభామ ఆయనకు శాశ్వతమైన కీర్తి తెచ్చిన పాత్ర. 1956లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నాడు. తెనాలికి చేరువలోని సుద్దపల్లిలో జన్మించిన కల్యాణం రఘురామయ్య పద్యం మధ్యలో ఈలతో రాగం పలికించి ‘ఈలపాట రఘురామయ్య’గా పేరు పొందాడు. కాటిసీను ఉన్న హరిశ్చంద్ర నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం కూడా ఈ బాపట్ల ప్రాంతం వాడే. ఆ సీనులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలను చేర్చి పాడడం తరువాత ఆనవాయితీ అయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. మైకు లేని కాలంలో నటుడు స్త్రీపాత్ర కోసం గొంతును సున్నితం చేసుకోవాలి, అదే గొంతు చివరి వరుసకూ వినపడాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు. దానికి ఆనాటి నటులు కనుగొన్న పరిష్కారం శ్రుతి. హార్మోనియం పట్టి ఉంచిన శ్రుతిలో గొంతు సరిగ్గా కలిస్తే తక్కువ బలంతోనే ఎక్కువ దూరం వినిపించినట్లు అనిపిస్తుంది. పద్యం చివర తీసే దీర్ఘమైన ఆలాపన కూడా ఒక విధంగా ప్రతిధ్వని చేసే పనినే చేసేది. మాట ముగిశాక భావాన్ని కొంతసేపు గాలిలో నిలబెట్టేది. స్థలం ఇవ్వని ప్రతినాదాన్ని నటుడు తన ఊపిరితో ఇచ్చుకున్నాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబును ఐదు వాక్యాలలో రాయండి.
మైకు లేని కాలంలో పద్యనాటక నటులు ఎదుర్కొన్న ఇబ్బంది ఏమిటి? దానిని ఎలా అధిగమించారు?

1.4 గ్రామఫోను: గది లేని గొంతు

భారతదేశంలో గ్రామఫోను కంపెనీ తొలి ముద్రణలు 1902లో కలకత్తాలో జరిగాయి. 1908లో అక్కడే ప్లేట్ల తయారీ మొదలైంది. 1925 వరకు ముద్రణ పద్ధతిలో విద్యుత్ ప్రమేయం లేదు. గాయకుడు ఒక పెద్ద కొమ్ములోకి ముఖం పెట్టి పాడేవాడు. ఆ గాలి కదలికే సూదిని కదిపి మైనంపై గీత గీసేది. కొమ్ముకు దూరంగా ఉన్న శబ్దం దాదాపు పట్టుబడేది కాదు. కాబట్టి గోడల నుంచి తిరిగి వచ్చే ప్రతిఫలనాలు ప్లేటులోకి చాలా తక్కువగా చేరాయి.

దీని ఫలితం రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది, ఆ ప్లేట్లలో గొంతు చెవి పక్కనే పాడినట్లు పొడిగా వినిపిస్తుంది. రెండవది, నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక వైపున మూడు నిమిషాలకు కొంచెం అటూఇటూగా మాత్రమే పట్టేది. రాత్రంతా సాగే నాటకంలో ఒక్క పద్యానికే అంతకన్నా ఎక్కువ సమయం తీసుకునే నటుడు ఆలాపనను కుదించుకోక తప్పలేదు. అంటే ప్లేటులో మనం వినేది రంగస్థలం మీది పద్యం కాదు, ప్లేటు కోసం కత్తిరించిన పద్యం. ఈ మాట గుర్తుంచుకోండి. 1.8లో దీనితో పని ఉంది.

1.5 గది నుంచి టేపుకు

విద్యుత్ మైకు వచ్చాక ముద్రణలు స్పష్టమయ్యాయి కానీ గొంతు మరీ పొడిగా ఉందన్న అసంతృప్తి మొదలైంది. పోయిన గదిని తిరిగి తేవాలన్న ఆలోచన అలా పుట్టింది. 1931లో ప్రారంభమైన లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఇందుకోసమే ఒక గది కట్టారు. అందులో ఒక మూల స్పీకరు, మరో మూల మైకు. గాయకుని గొంతును ఆ గదిలోకి పంపి, అది గోడల మీద తిరిగి వచ్చాక మళ్లీ పట్టుకునేవారు. 1947లో అమెరికాలో బిల్ పట్నం అనే ఇంజనీరు స్నానాల గదినే ఇందుకు వాడి ఒక మౌతార్గాన్ బృందం పాటను ముద్రించాడు. ప్రతినాదాన్ని అలంకారంగా వాడిన తొలి ప్రసిద్ధ రికార్డులలో అది ఒకటి.

గదిని మోసుకుపోలేం. టేపును మోసుకుపోవచ్చు. 1935లో జర్మనీలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని ప్రదర్శించారు. అందులో శబ్దాన్ని ముద్రించే తల ఒకటి, చదివే తల మరొకటి పక్కపక్కన ఉంటాయి. టేపు ముద్రించే తలను దాటి చదివే తలను చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయమే ఆలస్యం. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపులో తలల మధ్య 5 సెంటీమీటర్ల దూరం ఉంటే ఆలస్యం సుమారు 0.26 సెకను. మామూలుగా ఇంత ఆలస్యం రావాలంటే గోడ దాదాపు 45 మీటర్ల దూరంలో ఉండాలి. ఐదు సెంటీమీటర్ల టేపు 45 మీటర్ల మైదానం పని చేసిందన్నమాట.

చదివిన శబ్దంలో కొంత భాగాన్ని తిరిగి ముద్రించే తలకు పంపితే ఒక ప్రతిధ్వని అనేక ప్రతిధ్వనులవుతుంది. ఈ సూత్రంపై 1958లో బ్రిటన్‌లో కాపీక్యాట్, 1959లో అమెరికాలో ఎకోప్లెక్స్, 1974లో జపాన్‌కు చెందిన రోలండ్ కంపెనీ నుంచి స్పేస్ ఎకో వచ్చాయి. ప్రతిధ్వని పెట్టెలోకి చేరింది. ఆ తరువాత టేపు కూడా పోయి చిన్న చిప్పులు రావడంతో ధర తగ్గి, పెళ్లి పందిళ్ల, తిరునాళ్ల మైకుసెట్లలోకి ‘ఎకో’ మీట వచ్చి చేరింది. కాటిసీనుకు కొత్త శ్మశానం దొరికింది.

లాభంతోపాటు నష్టమూ వచ్చింది. పద్యంలో ప్రతి అక్షరానికీ విలువ ఉంది. 0.3 సెకను ఆలస్యంలో ముందరి అక్షరం తరువాతి అక్షరం మీద పడుతుంది. యతిప్రాసలు కలగాపులగం అవుతాయి. రాగంలో ఒక స్వరం ఆగకముందే మరో స్వరం వస్తే రెండూ కలిసి అపశ్రుతిగా వినిపించవచ్చు. అందుకే అనుభవం ఉన్న ఆపరేటరు పద్యం నడుస్తున్నంతసేపు మీట తగ్గించి, ఆలాపన చివర మాత్రమే పెంచుతాడు. మంచి ఎకోకు కొలత యంత్రంలో ఉండదు, పద్యంలో ఉంటుంది.

1.6 లెక్కగా మారిన ప్రతిధ్వని

1961-62లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ప్రతినాదాన్ని గది గానీ టేపు గానీ లేకుండా, కేవలం అంకెల కూడికలు, గుణకారాలతో సృష్టించవచ్చని చూపాడు. 1971లో లెక్సికాన్ కంపెనీ డిజిటల్ ఆలస్య యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. 1982లో వచ్చిన సీడీలో సెకను శబ్దాన్ని 44,100 అంకెలుగా రాస్తారు. ఒక్కో అంకెనూ శాంపిల్ అంటారు. శబ్దమంతా అంకెల వరుస అయినప్పుడు ప్రతిధ్వని అంటే పాత అంకెను కొత్త అంకెకు కలపడమే.

ఇంటి కంప్యూటరు వేగం పెరిగాక ఈ లెక్కను ప్రత్యేక యంత్రం లేకుండానే చేయడం సాధ్యమైంది. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ అనే పద్ధతిని ప్రవేశపెట్టి స్టూడియో సాఫ్ట్‌వేర్‌కు బయటివారు తమ ప్రభావాలను జతచేసే వీలు కల్పించింది. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్, డిమిత్రి బోల్డిరెవ్ విడుదల చేసిన విన్‌ఆంప్ పాటలు వినేవారికీ ఆ వీలు ఇచ్చింది. లైనక్స్‌లో ఎక్స్‌ఎంఎంఎస్ అనే ప్లేయర్‌తో ఎకో ప్లగిన్ కూడా వచ్చేది. విండోస్ మీడియా ప్లేయర్ 9 నుంచి మైక్రోసాఫ్ట్ ధ్వని ప్రభావాల ప్లగిన్లకు చోటు ఇచ్చి, ప్రోగ్రామర్లు నేర్చుకోవడానికి ఎకోను ఒక నమూనాగా ఇచ్చింది. ఎకోనే నమూనాగా ఎంచుకోవడానికి కారణం ఉంది. లెక్క చిన్నది, ఫలితం వెంటనే వినిపిస్తుంది, అయినా ధ్వని ప్రోగ్రాములలో వచ్చే ముఖ్యమైన చిక్కులన్నీ అందులో ఎదురవుతాయి.

1.7 ఎకో ప్లగిన్ ఎలా పనిచేస్తుంది?

మీడియా ప్లేయర్‌లో పాట నాలుగు దశలు దాటుతుంది. ఫైలు చదవడం, కుదించిన పాటను అంకెలుగా విప్పడం, ఆ అంకెలను మార్చడం, మార్చిన అంకెలను సౌండ్ కార్డుకు పంపడం. ప్లగిన్ ఉండే చోటు మూడవ దశ. ప్లేయర్ కొన్ని వందల లేదా వేల శాంపిళ్ల ముక్కను ప్లగిన్ చేతికి ఇస్తుంది. ప్లగిన్ దానిని మార్చి తిరిగి ఇస్తుంది.

0.3 సెకను ఆలస్యం కావాలనుకుందాం. 44,100ను 0.3తో గుణిస్తే 13,230. అంటే అన్ని శాంపిళ్లను గుర్తుంచుకోవాలి. రెండు చానళ్ల పాటలో, ఒక్కో శాంపిల్‌కు 2 బైట్ల చొప్పున, 52,920 బైట్ల స్థలం సరిపోతుంది. ఈ స్థలాన్ని గుండ్రంగా పేర్చిన గళ్లుగా ఊహించుకోండి. ఒక గుర్తు గానుగెద్దులా వాటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ప్రతి గడి వద్ద చేసే పని ఇది:

(1) గడిలో ఉన్న పాత శాంపిల్‌ను చదవాలి. అది సరిగ్గా 0.3 సెకను క్రితం పెట్టినది.
(2) దానిని ఒక భిన్నంతో, ఉదాహరణకు 0.5తో, గుణించి కొత్త శాంపిల్‌కు కలపాలి.
(3) వచ్చిన మొత్తాన్ని బయటికి పంపాలి, అదే మొత్తాన్ని గడిలోనూ పెట్టాలి.
(4) తరువాతి గడికి జరగాలి.

మొదటి, మూడవ పనుల వరుస తారుమారైతే పాత శాంపిల్ చెరిగిపోయి ప్రతిధ్వని రాదు. గడిలో మొత్తాన్ని పెట్టడం వల్ల ప్రతిధ్వని 1, 0.5, 0.25, 0.125 అంటూ సగం సగంగా తగ్గుతూ పదేపదే వస్తుంది. గడిలో కొత్త శాంపిల్‌ను మాత్రమే పెడితే ఒక్కసారే వస్తుంది. భిన్నం 1కి చేరితే ప్రతిధ్వని తగ్గదు, దాటితే పెరుగుతూ పోయి గోలవుతుంది.

ప్రారంభకులు మూడు చోట్ల పొరపాటు పడతారు. మొదటిది పరిమితి. పదహారు బిట్ల శాంపిల్ గరిష్ఠ విలువ 32,767. కొత్త శాంపిల్ 30,000, పాతది 20,000 అయితే 30,000కు 10,000 కలిసి 40,000 అవుతుంది. దానిని అలాగే వదిలితే అది −25,536గా తిరగబడి చెవి పగిలే చప్పుడు వస్తుంది. పరిమితి వద్ద ఆపివేయాలి. రెండవది జ్ఞాపకం. వినేవారు పాటను ముందుకు జరిపినా మార్చినా గళ్లను సున్నాతో నింపాలి. లేకపోతే పాత పాట తోక కొత్త పాటలో వినిపిస్తుంది. మూడవది వేగం. మరో పాటలో సెకనుకు 48,000 శాంపిళ్లు ఉంటే గళ్ల సంఖ్యను మళ్లీ లెక్కించాలి. 0.3 సెకనుకు అప్పుడు 14,400 గళ్లు కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
గమనిక: లెక్క చేసి చూపండి.
సెకనుకు 44,100 శాంపిళ్ల పాటలో 0.5 సెకను ఆలస్యానికి ఒక్కో చానల్‌కు ఎన్ని గళ్లు కావాలి?

1.8 చరిత్రకారుని ప్రశ్న

ఆధారాన్ని బాహ్య విమర్శకూ అంతర్గత విమర్శకూ గురిచేయాలని చరిత్ర రచనా పద్ధతుల్లో చదువుకుంటారు. శాసనానికీ తాళపత్రానికీ వర్తించే ఈ నియమం ధ్వనిముద్రణకూ వర్తిస్తుంది. ఒక పాత నటుడి పద్యం అంటూ మీ ఫోనుకు ఒక ఫైలు వచ్చిందనుకోండి. గొంతు నిజమైనదే కావచ్చు. కానీ అందులో గంభీరమైన ప్రతిధ్వని ఉంది. 1925కు ముందు కొమ్ములోకి పాడిన ప్లేటులో అంత ప్రతిధ్వని ఉండే అవకాశం లేదని మనం 1.4లో చూశాం. కాబట్టి దానిని తరువాత ఎవరో కలిపి ఉండాలి. కలిపినవారు మంచి ఉద్దేశంతోనే, పాత గొంతుకు నిండుదనం ఇవ్వడానికే కలిపి ఉండవచ్చు. అయినా దానిని విని ఆనాటి నాటకశాల ఎలా ఉండేదో చెప్పబోతే, మనం వర్ణించేది 1920ల తెనాలిని కాదు, నిన్నటి కంప్యూటరును.

ఇక్కడే ప్లగిన్‌కూ శాశ్వతమైన మార్పుకూ గల తేడా ముఖ్యమవుతుంది. మీడియా ప్లేయర్‌లోని ప్లగిన్ వినే సమయంలో మాత్రమే పనిచేస్తుంది. దానిని ఆపితే అసలు గొంతు అలాగే ఉంటుంది. ఎకో కలిపిన పాటను కొత్త ఫైలుగా భద్రపరిచి పాతదాన్ని చెరిపివేస్తే, కలిపిన ప్రతిధ్వనిని విడదీయడం చాలా కష్టం. ప్లేట్లు పగులుతాయి, క్యాసెట్లు బూజు పడతాయి. కొన్ని గొంతులకు మిగిలేది ఒకే ఒక ప్రతి. ఆ ప్రతి మీద చేసే మార్పు చరిత్ర మీద చేసే మార్పే.

కాబట్టి మీ ఇంట్లోనో ఊళ్లోనో పాత నాటకం క్యాసెట్టు ఉంటే ఈ మూడు పనులు చేయండి. మొదట ఏ ప్రభావమూ లేకుండా ఒక ప్రతి తీసి పక్కన పెట్టండి. వినడానికి వేరే ప్రతి వాడండి. ఎకో కావాలంటే ప్లగిన్ ద్వారానే వినండి, ఆలస్యం ఎంత, భిన్నం ఎంత అన్నది రాసుకోండి. ఆ చిన్న కాగితం తరువాతి తరం పరిశోధకునికి పీఠిక వంటిది.

1.9 సారాంశం

ప్రతిధ్వని మొదట స్థలానికి చెందింది. నాగార్జునకొండ, గోల్కొండ దీనికి ఉదాహరణలు. చదునైన బాపట్ల, తెనాలి ప్రాంతాల్లో నటులు ఆ లోటును శ్రుతితో, ఆలాపనతో పూరించుకున్నారు. గ్రామఫోను గొంతును గది నుంచి వేరు చేసింది. ప్రతిధ్వని గది, టేపు యంత్రం దానిని తిరిగి తెచ్చాయి. డిజిటల్ యుగంలో ప్రతిధ్వని ఒక కూడిక, ఒక గుణకారం అయి మీడియా ప్లేయర్ ప్లగిన్‌లో ఇమిడిపోయింది. సౌలభ్యం పెరిగిన కొద్దీ ఆధారాన్ని కాపాడే బాధ్యత కూడా పెరిగింది. ప్రతిధ్వని ఎవరిదో తెలియకుండా గొంతు చరిత్ర రాయలేం.

1.10 ముఖ్య పదాలు

ప్రతిధ్వని: విడిగా వినిపించేంత ఆలస్యంగా తిరిగి వచ్చిన శబ్దం.
ప్రతినాదం: విడదీయలేని అనేక ప్రతిఫలనాల వల్ల సాగిన శబ్దం.
శాంపిల్: ఒక క్షణపు శబ్దాన్ని సూచించే అంకె.
ప్లగిన్: మరో సాఫ్ట్‌వేర్‌కు తగిలించి దాని పనిని పెంచే చిన్న ప్రోగ్రాము.

1.11 నమూనా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. ప్రతిధ్వని స్థలం నుంచి యంత్రానికి, యంత్రం నుంచి లెక్కకు మారిన క్రమాన్ని వివరించండి.
2. ధ్వనిముద్రణను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఉదాహరణలతో చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. టేపు ఎకో పనిచేసే విధానం.
2. ఎకో ప్లగిన్‌లో ప్రారంభకులు చేసే మూడు పొరపాట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2కు జవాబు: 22,050 గళ్లు.